మెల్లగా అంటే ఎంత

13 సెప్టెంబర్ 1948, సోమవారం

ఐసు దిమ్మలు రోజు మాదిరే దిగాయి. కొనేవాళ్లు రాలేదు. పొద్దున విమానాలు బొల్లారం వైపు పోయాయి. రాణిగంజ్‌లో దుకాణాలన్నీ తలుపులు వేసుకున్నాయి. తుకారాం సేటు కార్ఖానా గేటుకు లోపలి నుంచి తాళం వేయించి, ఇంజన్ మాత్రం ఆపొద్దన్నాడు. ఆపలేదు.

15 సెప్టెంబర్

దిమ్మలు కరిగి మోరీలోకి పోయాయి. కొత్తవి దించాను. అవీ పోతాయి.

18 సెప్టెంబర్, శనివారం

యుద్ధం అయిపోయిందట. ఇండియా ఫౌజు ఊళ్లోకి వచ్చింది. స్టేషన్ దగ్గర జనం పూలు చల్లారని మా కార్ఖానా వడ్రంగి బ్రహ్మచారి చెప్పాడు. చెబుతూ నా మొహం చూశాడు.

"నువ్వు సూడ పోలేదా, జాన్ సాబ్?"

ఇంజన్ వదిలి ఎట్లా పోతానన్నాను. అదీ నిజమే.

21 సెప్టెంబర్

సుభాన్‌ను పట్టుకుపోయారు. బొల్లారంలో వాళ్ల ఇంటి ముందు నుంచే. నా భార్య రసూల్ బీ తమ్ముడు. ఎండాకాలంలో రజాకార్ల ఖాకీ తొడిగి నాలుగు వీధులు తిరిగాడు. నేను వద్దన్నాను. గట్టిగా అనలేదు.

రసూల్ బీ ఏడవలేదు. బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరినవే మళ్లీ ఏరింది.

24 సెప్టెంబర్, శుక్రవారం

జమేదారు వచ్చాడు. పోలీసు ఠాణా నుంచి. కార్ఖానాలో తురకలు ఎవరెవరని అడిగాడు. ఇప్పుడు నేనొక్కణ్ణే. మిగతావాళ్లు పోయిన వారమే కనబడకుండా పోయారు. సేటు కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు: "ఈయన నా మిస్త్రీ. ఈయన లేకుంటే ఇంజన్ లేదు. ఇంజన్ లేకుంటే మిలిటరీ దవాఖానకు ఐసు లేదు. నువ్వే చెప్పుకో పో పెద్ద సాబులకు."

జమేదారు దీపావళి దాటినంక మళ్లీ వస్తానని పోయాడు.

అతను గేటు దాటాక సేటు నన్ను పిలిచాడు. "జాన్ సాబ్, ఇద్దరు మనుషులను ఇస్త. పని నేర్పు. రేపు నీకేమన్నయితే నా కార్ఖానా మునుగుతది గద. దీపావళి లోపల నేర్పెయ్."

ఇంటికొచ్చి రసూల్ బీకి చెప్పాను. కూర గిన్నె దించుతూ అంది, "నేర్పినంక?"

27 సెప్టెంబర్

ఇద్దరూ వచ్చారు. పర్వతాలుకు నలభై ఉంటాయి. నూనె గానుగలో ఎద్దును తోలినవాడు. ఏమీ అడగడు. ఏసురత్నం చిన్నవాడు, రైలు షెడ్డులో బొగ్గు వేసినవాడు, మిషన్ బడిలో చదివాడు. అన్నీ అడుగుతాడు. సేటు బీరువాలోంచి మిషనుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం అప్పుడే సంపాదించాడు.

నేర్పడం గురించి ఆలోచించాను. మా ఉస్తాదు చాంద్‌పాషా నాకు ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు. మూడేళ్లు ఐసు తొట్లకు ఉప్పు మోయించాడు. వాల్వు చక్రం వైపు చెయ్యి పోతే తడిగుడ్డతో మణికట్టు మీద కొట్టేవాడు. చూసి పట్టుకోవాలి, అంతే. అట్లా పట్టుకున్న పని ఇన్నేళ్లు నిలిచింది. నోటితో చెప్పింది చేతికి ఎక్కదు. ముందు బాగా చూడాలి వాళ్లు. చూపు కుదిరిందో లేదో నేను చెబుతాను.

ఇదే మంచి పద్ధతి.

30 సెప్టెంబర్

వాళ్లకు చెప్పాల్సింది ఎంతో లేదు. పొద్దున షురూ చేసేటప్పుడు వాల్వు చక్రం కొద్దిగా తిప్పాలి. ఆగాలి. పైపు మీద చెయ్యి పెట్టి మంచు ఎక్కడిదాకా పాకిందో చూడాలి. మళ్లీ కొద్దిగా తిప్పాలి. తొందరపడితే అమోనియా గ్యాసులా కాక నీళ్లలా ఇంజన్లోకి దూకుతుంది. అప్పుడు ఇనుము కూడా పగులుతుంది. పగిలితే ఆ గదిలో ఊపిరి ఉండదు.

చెప్పలేదు. ఇంకా టైం ఉంది.

ఏసురత్నం పుస్తకం తెచ్చి వేలు పెట్టి చూపించాడు. "ఉస్తాద్, వాల్వు మెల్లగ తెరువాలె అని ఉన్నది ఇండ్ల. మెల్లగ అంటే ఎంత మెల్లగ?"

చూడు, తెలుస్తుంది అన్నాను.

"నాలుగు దినాల సంది సూస్తనే ఉన్న. మీ ఈపే కనబడుతున్నది."

పర్వతాలు నవ్వాడు. నేను కొంచెం పక్కకు జరిగి నిలబడ్డాను. ఎక్కువ జరగలేదు.

2 అక్టోబర్

సుభాన్ సంగతి ఏమీ తెలియలేదు. రసూల్ బీ రొట్టెలు మూటగట్టుకుని ఠాణాకు పోయి, మూటతోనే తిరిగొచ్చింది.

5 అక్టోబర్

సేటు ఇంజన్ గదికి వచ్చాడు. మామూలుగా రాడు, వాసన పడదు.

"ఇంక చక్రం ముట్టనియ్యలేదట?"

చూపు కుదరాలన్నాను.

"చూపు కుదిరేటందుకు మూడేండ్లా? గా జమానా పోయింది, జాన్ సాబ్. పొద్దున చేతులతోని చేపియ్యి. మధ్యాహ్నం పిల్లగాడు బుక్కు సదువుతడు, పెద్దాయన ఇంటడు. పొద్దుగూకినంక నువ్వు అడుగు, వాళ్లు చెప్పాలె. అన్నీ కలిపి నడిపియ్యి. ఒక్కదాంతోనే అయ్యేది కాదు."

సరే అన్నాను. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అందుకే నిద్ర పట్టలేదు.

8 అక్టోబర్

పర్వతాలు చేతికి చక్రం ఇచ్చాను.

నన్ను నేనే చూస్తున్నట్టుంది. గుడ్డ నాలాగే ఎడమ భుజం మీద వేసుకున్నాడు. పైపును ఉంగరం వేలితో రెండుసార్లు తట్టాడు. నా వేలికి ఉంగరం ఉంది కాబట్టి నేను తడతాను, చప్పుడు వినడానికి. అతనికి ఉంగరం లేదు. అయినా తట్టాడు. కొద్దిగా తిప్పి, ఆగి, పెదవులు కదిలించి, మళ్లీ కొద్దిగా తిప్పాడు. ఇంజన్ చిన్న మూలుగు కూడా లేకుండా అందుకుంది.

నేను ఒక్క మాట చెప్పకుండానే నేర్చుకున్నాడు. చాంద్‌పాషా ఉంటే సంతోషించేవాడు.

నేను ఇంకా బాగా చూడమని చెప్పాను. చాలా ఉంది నేర్చుకోవాల్సింది అన్నాను.

11 అక్టోబర్

ఆయుధపూజ. బ్రహ్మచారి రంపాలకు, సుత్తెలకు కుంకుమ పెట్టి, ఇంజన్‌కు కూడా పెట్టాడు. ఏటా పెడతాడు, ఏటా నేను పక్కన నిలబడతాను. తర్వాత పర్వతాలును షురూ చెయ్యమన్నారు. అందరూ చుట్టూ చేరారు. అప్పుడు వినబడింది. నేనే కాదు, అందరూ విన్నారు. తిప్పిన ప్రతిసారీ పర్వతాలు గొణుగుతున్నాడు: "బిస్మిల్లా రైమాన్ రయీం."

బ్రహ్మచారి కొబ్బరికాయ చేతిలో పట్టుకుని పడీపడీ నవ్వాడు. "ఏందిరా పర్వతాలూ! ఇటు కుంకుమబొట్టు, అటు కలిమా! సున్తీ ఎన్నడు పెట్టుకున్నవ్రా? మాక్కూడ దావత్ ఇస్తవా?"

"గది కలిమా కాదే బ్రహ్మన్నా. వాల్వు మంత్రం. గది సదువకుంటే ఇంజన్ ఇనది. ఉస్తాద్‌ను అడుగు."

అందరూ నన్ను చూశారు. అందరూ నవ్వుతున్నారు. సేటు నవ్వలేదు.

నేను గొణుగుతానని నాకే తెలియదు.

ఈ రోజుల్లో, ఈ ఊళ్లో, ఒక తురక మిస్త్రీ హిందువు చేత బిస్మిల్లా చదివిస్తున్నాడని ఎవరైనా ఒక్క మాట అంటే? గేటు బయట ఒక్కడంటే చాలు. పోయిన ఏడాది పల్లెల్లో ఖాకీవాళ్లు ఏమేం చేయించారో అందరికీ గుర్తుంది. సుభాన్ నా బామ్మర్ది అని కూడా తెలుస్తుంది. రెండూ కలుపుతారు. కలపడం ఎంతసేపు?

అందరూ పోయాక పర్వతాలును ఆపాను. ఆ మాట ఇక అనొద్దన్నాను.

"తప్పా, ఉస్తాద్?"

తప్పు కాదు. అది పనిలోది కాదు, నా అలవాటు.

"మరి ఏది పని, ఏది అలవాటు? నాకెట్ల తెలుస్తది?"

నోరు ముయ్యి, చేతులు మాత్రం కదిలించు అన్నాను. గట్టిగా అన్నాను. ఎవరితోనూ అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

12 అక్టోబర్

దసరా. సెలవు. తలుపు ఎవరు కొట్టినా గొళ్లెం తీసే ముందు సందులోంచి చూస్తున్నాను. పాలవాడే.

14 అక్టోబర్

బక్రీద్ కూడా వచ్చి పోయింది. నమాజుకు పోలేదు. పనికి పోయాను. వాల్వు నేనే తెరిచాను, ఆ మాట మనసులోనే అనుకుంటూ. పెదవులు కరుచుకుని నిలబడ్డాను.

16 అక్టోబర్, శనివారం

రాయలేను.

17 అక్టోబర్

నిన్న పొద్దున జమేదారు వచ్చాడు. దీపావళి తర్వాత అన్నవాడు ముందే వచ్చాడు. గేటు దగ్గర నిలబెట్టి అడిగాడు, "బొల్లారం సుభాన్ నీకేమయితడు?" నా భార్య తమ్ముడన్నాను. "నీ ఇంట్ల ఎన్ని దినాలు ఉన్నడు?" ఉండలేదన్నాను. నిజంగానే ఉండలేదు. అయినా నా గొంతు అబద్ధం చెబుతున్నట్టే పలికింది.

ఇంజన్ షురూ చెయ్యాల్సిన వేళ దాటుతోంది. ఉస్తాదు లేడని పర్వతాలు తనే చక్రం పట్టుకున్నాడు.

ముందు సుత్తితో కొట్టినట్టు ఒక చప్పుడు. తర్వాత రెండు. తర్వాత ఈల. నాకు తెలుసు అదేమిటో. జమేదారును నెట్టేసి పరిగెత్తాను. తడిగుడ్డ మొహానికి చుట్టుకుని లోపలికి పోయి వాల్వు మూశాను. కళ్లు తెరవలేదు. తెరవక్కర్లేదు, చక్రం ఎక్కడుందో చేతికి తెలుసు. ఏసురత్నం అప్పటికే పర్వతాలును కాళ్లు పట్టి బయటికి లాగి, మొహం మీద బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరిస్తున్నాడు. పుస్తకంలో అట్లా ఉందట. ఆ పుస్తకం నేను చదవనివ్వకపోయి ఉంటే...

పర్వతాలు అరవలేదు. "నోరు మూస్కునే తిప్పిన ఉస్తాద్, మీరు చెప్పినట్టే తిప్పిన" అని మాత్రం అన్నాడు. అదే మాట దవాఖాన దాకా.

18 అక్టోబర్

పర్వతాలు కళ్లకు కట్టు. వారం పోతే గానీ చెప్పలేమన్నారు. అతని భార్య లచ్చమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఇరవై దినాల సంది ఏం నేర్పినవ్, సాబ్?" అంది. "ఎద్దును తోలేటోడు ఎద్దునే తోలుకుంటుండె. ఏం నేర్పినవ్?"

పక్క మంచం మీద వాళ్లు చూస్తున్నారు. ఐసు ముక్క గుడ్డలో కట్టి తీసుకుపోయాను. అది ఆమె చేతికిచ్చి వచ్చాను.

19 అక్టోబర్

ఇంజన్‌లో పగిలిన ముక్క మార్చి బిగించాము. సాయంత్రం నేనే షురూ చేశాను. ఏసురత్నం పక్కన ఉన్నాడు.

మొన్న జరిగింది అర్థం కాలేదు. అదే చెయ్యి, అదే చక్రం. ముందు అంత చక్కగా చేసినవాడు. తిప్పుతూ ఆలోచిస్తున్నాను. కొద్దిగా తిప్పాను, ఆ మాట మనసులో అనుకున్నాను, తిప్పాను. అప్పుడు ఒకసారి ఆ మాట అనుకోకుండా తిప్పి చూద్దామనిపించింది. ఊరికే, చూద్దామని.

చేతికి ఎంతసేపు ఆగాలో తెలియలేదు.

ఇన్నేళ్లుగా తిప్పుతున్న చెయ్యి. గుడ్డిదైపోయింది. ముందే తిప్పబోయింది. నేనే ఆపుకున్నాను. బిస్మిల్లా హిర్రహ్మాన్ నిర్రహీం అని పూర్తిగా అనేంతసేపు వాల్వు ఆగాలి. అంతే. అదే కొలత. చాంద్‌పాషా నాకు చెప్పలేదు. ఆయనకూ తెలిసి ఉండదు. ఆయన అనేవాడు, నేను అన్నాను, పర్వతాలు అన్నాడు. పనిలోది కాదని చెప్పి నేను తీసేయించాను.

ఎందుకు తీసేయించానో నాకు తెలుసు.

20 అక్టోబర్

ఏసురత్నానికి చెప్పాను. అంతా చెప్పాను. "మెల్లగ అంటే ఎంత" అని అతను అడిగినప్పుడు నాకు జవాబు తెలియదని కూడా చెప్పాను. అతను పుస్తకం మూసేశాడు.

"నాకు కోపమొచ్చింది, ఉస్తాద్. మీరు కావాలని దాస్తున్నరనుకున్న."

నేను పైపు మీది మంచు తుడిచాను.

లెక్కపెడదామన్నాడు. ఒకటి, రెండు, మూడు. మొదటి తిప్పుడుకు బాగానే కుదిరింది. మూడో తిప్పుడుకు అతని గొంతు పరిగెత్తింది. నేను చక్రం పట్టుకున్నాను.

24 అక్టోబర్

దవాఖానలో పర్వతాలు కళ్ల కట్టు విప్పారు. చూపు ఉంది. కళ్లు మిరపపండ్లలా ఉన్నాయి. మంచం మీదే కూర్చుని నేను చెప్పిందంతా విన్నాడు. లచ్చమ్మ కూడా వింది. లెక్కపెట్టే సంగతి చెబితే తల అడ్డంగా ఊపాడు.

"లెక్కతోని కాదు, ఉస్తాద్. భయమయితే లెక్క ఉరుకుతది. దేవుని మాట ఉరకదు. దేవుని ముంగట ఎట్ల ఉరుకుతం?"

"మల్ల పోతవా గా గదిలకు?" అని లచ్చమ్మ అడిగింది.

"ఎద్దు కన్న నయమే" అన్నాడు. ఆమె అతని తలకు చుట్టిన గుడ్డ సర్దింది. గట్టిగానే సర్దింది.

26 అక్టోబర్

ఇప్పుడు చేస్తున్న పద్ధతి:

ముందు చెబుతున్నాను. ఎందుకో కూడా చెబుతున్నాను, తెలిసినంత. తెలియంది ఏసురత్నం పుస్తకంలో చదివి చెబుతున్నాడు. సుద్దముక్కతో గోడ మీద గీస్తున్నాడు, పర్వతాలుకు అక్షరాలు రావు, బొమ్మ అర్థమవుతుంది. తర్వాత నేను చేస్తాను, వాళ్లు చూస్తారు, ఈసారి పక్క నుంచి. తర్వాత వాళ్లు చేస్తారు, నేను చేతులు వెనక్కి కట్టుకుంటాను. ఇది అన్నిటికంటే కష్టం, నాకు. చివర్న ఒకరు చేస్తుంటే రెండోవాడు తప్పు పట్టాలి. అనవసరంగా చేసేవి కూడా పట్టాలి. ఉంగరం వేలితో తట్టడం తీసేశాము. ఏదైనా తీసేసే ముందు ముగ్గురం కలిసి నాలుగుసార్లు చూస్తున్నాం.

మాట ఎవరిది వాళ్లది. ఏసురత్నం వాళ్ల ఆదివారం ప్రార్థనలో మొదటి వాక్యం అంటాడు, సరిగ్గా సరిపోయింది. పర్వతాలు "యాదగిరి నర్సింహసామీ, సల్లంగ సూడు తండ్రీ" అంటాడు. అది పొట్టిది, రెండుసార్లు అనాలి.

"మీ దేవునిది తొందర, అన్నా" అని ఏసురత్నం నవ్వాడు.

"మా దేవుడు ఒక్క పిలుపుకే పలుకుతడు. మీ ఇంజనే చెవిటిది."

నవ్వాను. నవ్వి ఎన్నాళ్లయిందో. తర్వాత గేటు చప్పుడైంది, ముగ్గురం ఆగిపోయాము.

28 అక్టోబర్

"అంతా చెప్పేస్తున్నవా?" అని రసూల్ బీ అడిగింది.

అవునన్నాను.

లేచి గొళ్లెం పెట్టిందో లేదో చూసొచ్చింది. పెట్టే ఉంది. వచ్చి పడుకుంది. చాలాసేపటికి, "ఆయన కండ్లు మంచిగైనయా?" అంది.

30 అక్టోబర్

ఇద్దరూ నేర్చుకున్నారు. ఇవాళ నేను గేటు దగ్గర కూర్చున్నాను. లోపల వాళ్లిద్దరే. చెవి పెట్టి విన్నాను. తప్పు ఒక్కటి లేదు.

సంచీ సర్దుకోవాలా అనిపించింది. అందులో ఏం పెట్టాలో తోచలేదు.

1 నవంబర్

దీపావళి. టపాకాయ పేలితే రసూల్ బీ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. పెళ్లయిన నాటి నుంచి పగటిపూట నా చెయ్యి పట్టుకున్నది ఇదే.

3 నవంబర్, బుధవారం

జమేదారు వచ్చాడు. సేటు అతన్ని వెంటబెట్టుకుని ఇంజన్ గదికి వచ్చాడు, ముక్కుకు రుమాలు పెట్టుకుని. ఇంజన్ ఆగి ఉంది. కావాలనే ఆపమన్నాడట.

"ఏం జాన్ సాబ్, అయిందా నేర్పుడు?"

అయిందని చెప్పబోయాను. అబద్ధం చెప్పాలని లేదు, నిజం చెప్పే గొంతూ రాలేదు. ఆ సందులో సేటు పర్వతాలును అడిగాడు.

"ఏమోయ్, ఒక్కనివి నడుపుతవా?"

పర్వతాలు సేటును చూడలేదు, నన్నూ చూడలేదు. తన ఎర్రటి కళ్లు తుడుచుకున్నాడు. "ఏడ సేటూ! ఒకపారి నడిపితే గిట్లయింది. ఇంకోపారంటే నాతోని కాదు."

"నువ్వు? సదువుకున్నోనివి గద?"

ఏసురత్నం పుస్తకం తెరిచి, మొదటి రోజుల్లో నాకు చూపించిన చోటే వేలు పెట్టాడు. "మెల్లగ తెరువాలె అని ఉన్నది, సేటు సాబ్. మెల్లగ అంటే ఎంత మెల్లగనో ఇండ్ల లేదు. ఉస్తాద్‌కే తెలుసు. మాకింక దొరుకుతలేదు."

వాళ్ల వెనక గోడ మీద సుద్దతో గీసిన బొమ్మ మొత్తం ఉంది. సేటుకు చదవడం వచ్చు. దాన్ని చూశాడో లేదో నాకు తెలియదు. రుమాలు సర్దుకున్నాడు.

"ఎన్ని రోజులు పడ్తది, జాన్ సాబ్?"

నేను చక్రం వైపు చూశాను.

"ఎండాకాలం దాక అనుకో" అని సేటే జమేదారుతో అన్నాడు. "ఐసు సీజన్ల మిస్త్రీని వదులుకుంటే దవాఖానవాళ్లు నన్ను నమలరా?"

జమేదారు నా పేరు పక్కన ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో చూడలేదు. సుభాన్ సంగతి అడుగుదామనుకున్నాను. అడగలేదు.

వాళ్లు పోయాక పర్వతాలు తడిగుడ్డ తీసుకుని గోడ మీది సుద్ద తుడిచేశాడు.

"మనసుల ఉన్నది గద" అన్నాడు.

వాళ్లకు చెప్పాల్సింది ఇక్కడ కూడా రాయలేను.

4 నవంబర్

దిమ్మలు బాగా దిగాయి.

పొద్దున వాల్వు పర్వతాలు తెరుస్తున్నాడు. సగంలో బయట సేటు చెప్పుల చప్పుడైంది. పర్వతాలు పక్కకు జరిగి చక్రం నా చేతికిచ్చాడు. ఏసురత్నం ఏమీ తెలియనివాడిలా నా భుజం మీదుగా తొంగిచూశాడు.

చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. కానీ పెదవుల మీది మాట ఉరకలేదు. పూర్తిగా అన్నాను. ఆగాను. తిప్పాను.